అభిషేక తైలం సీసా: వాసన బాగుంది, లోపలి కాగితంతోనే ఇబ్బంది

ఉజ్జీవ కూటాల (క్రైస్తవ ప్రార్థన సభల) దగ్గర పుస్తకాల స్టాల్లో అమ్మే అభిషేక తైలం, అంటే దీవెన కోసం రాసుకునే నూనె ఇది. పది ఎం.ఎల్. సీసా, 150 రూపాయలు. ఎవరు తయారు చేశారో పేరు చెప్పను, ఇలాంటివి ఇప్పుడు చాలామంది అమ్ముతున్నారు, ఒక్కరి మీద పడి లాభం లేదు.

ముందు వస్తువు సంగతి. వాసన నిజంగా బాగుంది, జిడ్డుగా కూడా ఉండదు. మూత మాత్రం నాసిరకం, బ్యాగులో పెడితే కారి బైబిలు అట్ట మీద మరక పడింది. లేబుల్ మీద యెరూషలేము బొమ్మ, పక్కన బోధకుడి ఫోటో (యెరూషలేము కంటే పెద్దది) ఉన్నాయి కానీ, లోపల ఏ నూనె ఉందో, ఎప్పుడు తయారైందో ఎక్కడా లేదు. పిల్లల నుదుటికి రాసేదానికి ఆ మాత్రమైనా వేయాలి కదా.

అసలు ఇబ్బంది సీసాతో వచ్చే కాగితంతో. పొద్దున్నే నుదుటికి, గుమ్మానికి సిలువ ఆకారంలో, బండి హ్యాండిల్‌కి, హాల్ టికెట్‌కి, వీసా ఇంటర్వ్యూకి వెళ్తుంటే పాస్‌పోర్టుకి... ఎక్కడెక్కడ రాయాలో అంతా ఉంది, ప్రార్థన చేసుకోమని ఒక్క ముక్క లేదు. అయిపోతే మళ్లీ కూటాలకొచ్చి కొనుక్కోవాలట.

నూనె రాయడమే తప్పని నేను అనట్లేదు. రోగి సంఘపు పెద్దలను పిలిపించుకోవాలని, వాళ్లు ప్రభువు నామంలో నూనె రాసి ప్రార్థన చేయాలని యాకోబు పత్రిక 5:14లోనే ఉంది. తర్వాతి వచనం కూడా చదవాలి మరి, రోగిని బాగుచేసేది విశ్వాసంతో చేసే ప్రార్థన అంటుంది. ఇక నిర్గమకాండం 30లో 500 తులాల గోపరసం (ఒక సుగంధ జిగురు), లవంగిపట్ట, ఒలీవ నూనె అన్నీ కలిపి చేయమన్న తైలం ప్రత్యక్షపు గుడారానికి (అప్పటి ఆరాధన స్థలానికి), యాజకులకి. అలాంటిది వేరేవాళ్లెవరైనా కలిపితే ప్రజల్లోనుంచి కొట్టివేయబడతారని అక్కడే రాసుంది. స్టాల్లో కుర్రాడు "మోషే ఫార్ములానే అన్నా" అని గొప్పగా చెప్పాడు, ఆ వచనం దాకా వచ్చినట్టు లేడు పాపం.

ఇత్తడి సర్పాన్ని దేవుడు చెబితేనే మోషే చేశాడు, పాము కరిచినవాళ్లు దాన్ని చూసి బతికారు. దాన్నే దాచుకుని తరాల తర్వాత కూడా ధూపం వేస్తుంటే హిజ్కియా రాజు ముక్కలు చేయించాడు (2 రాజులు 18:4). మందసం (దేవుని ఆజ్ఞల పలకలున్న పెట్టె) యుద్ధానికి వస్తే గెలుపు మనదే అనుకుని ఇశ్రాయేలు జనం భూమి అదిరేలా కేకలు వేశారు, ఆ యుద్ధంలో వాళ్లలోనే 30,000 మంది కూలారు, మందసమూ శత్రువులైన ఫిలిష్తీయుల చేతికి పోయింది. దేవుడు చేయించినవాటి సంగతే ఇలా ఉంటే స్టిక్కరు అంటించిన సీసా ఎంత?

మా పిన్ని, కూతురి ఆపరేషన్ రోజున సీసా ఇంట్లో మర్చిపోయానని సగం దారిలో బస్సు దిగి వెనక్కి వెళ్లింది. పిల్ల పక్కన కూర్చుని ప్రార్థించుకోవాల్సిన టైమంతా సీసా టెన్షన్‌కే పోయింది. ఆమె భక్తిని నేను తప్పు పట్టను, ఆ కాగితం రాసినవాళ్లని పడతాను.

ఐదుకి రెండు స్టార్లు, రెండూ వాసనకే. పెద్దలు ఇంటికొచ్చి ప్రార్థన చేస్తారంటే సూపర్ మార్కెట్లో దొరికే ఒలీవ నూనె చాలు, దాని మీద తయారీ తేదీ కూడా ఉంటుంది.