బ్రాడీపేట కంప్యూటర్ రిపేరు దుకాణం: ఐదుకు నాలుగు మార్కులు

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణం లెక్కలు చూస్తాను. సీజనులో కంప్యూటర్ మొరాయిస్తే రైతులకు ఇచ్చే పట్టీలు, అంటే అమ్మకం లెక్క చీటీలు, ఆగిపోతాయి. అలాంటి రోజుల్లోనే మా గుమాస్తా హడలిపోతూ వచ్చాడు. 'మార్టినెల్లి' అనే వీడియో రేపు వస్తుందనీ, తెరిస్తే ఫోను హ్యాక్ అవుతుందనీ, ఇక ఎవరూ బాగు చేయలేరనీ వ్యాపారుల గ్రూపులో చదివాడట. అతని ఫోనును ఆఫీసు కంప్యూటర్‌కు తగిలించాడు కాబట్టి దానికీ అంటుకుందని భయం. కంప్యూటర్ నెమ్మదించిన మాట నిజమే. మరో దుకాణానికి ఫోన్ చేస్తే సంగతి పూర్తిగా వినకుండానే "ఫార్మాట్ చేయాలి, తెచ్చేయండి" అన్నారు. ఫార్మాట్ అంటే ఉన్నదంతా చెరిపేయడమే, అందులో మా ట్యాలీ లెక్కలన్నీ ఉన్నాయి!

బ్రాడీపేట ఆయన మాత్రం కంప్యూటర్ ముట్టుకోకుండా ముందు మెసేజ్ చూపించమన్నారు. చదివి నవ్వారు. ఈ మార్టినెల్లి 2017 నుంచి దేశాలు తిరుగుతోందట, వీడియో మాత్రం ఎప్పుడూ రాలేదు. "'రేపు' అంటాడు, ఏ తేదీనో చెప్పడు. అందరికీ పంపమంటాడు. పని అంతా ఆ చివరి ముక్కదే సార్" అన్నారు. 1994లో 'గుడ్ టైమ్స్' అనే ఈమెయిల్ పుకారూ అలాగే పాకిందట.

నాకు బాగా నచ్చింది 2002 నాటి ఎలుగుబంటి కథ. ఎలుగుబంటి బొమ్మ ఉన్న ఒక ఫైలు వైరస్ అనీ, వెతికి తీసేయమనీ ఈమెయిళ్లు వచ్చాయి. అది విండోస్‌తో పాటు వచ్చే మామూలు ఫైలే. వెతికిన వాళ్లకు దొరికింది, దొరికింది కాబట్టి నమ్మారు, నమ్మారు కాబట్టి తెలిసిన వాళ్లందరినీ హెచ్చరించారు. ధర పడుతుందన్న పుకారు విని అందరూ ఒకేసారి సరుకు దించితే యార్డులో ధర నిజంగానే పడుతుంది. ఇదీ అదే బాపతు.

అలాగని ఆయన వైరస్‌లే లేవనలేదు. 2000లో 'ఐ లవ్ యూ' వైరస్ ఈమెయిల్‌కు జోడించిన ఫైలుగానే వచ్చిందని చెప్పి, మా కంప్యూటర్ స్కాన్ చేశారు. ఏమీ లేదు. మూత విప్పితే ఫ్యాను నిండా మిర్చి దుమ్ము, ఆయనకు ఒకటే తుమ్ములు. స్కానింగుకు పైసా తీసుకోలేదు, దుమ్ము దులిపినందుకు 200 రూపాయలు తీసుకున్నారు.

గుమాస్తా చేత గ్రూపులో 'అది ఉత్త పుకారు' అని కూడా రాయించారు. ఒక్కరూ పలకలేదు. ఆ సాయంత్రమే అదే హెచ్చరిక మా బంధువుల గ్రూపులోకి వచ్చింది, అదీ మా బావగారి నుంచి.

ఒక మార్కు ఎందుకు తగ్గించానంటే, స్కూటర్ పెట్టుకోవడానికి చోటు లేదు, మధ్యాహ్నం ఫోన్ ఎత్తరు. బిల్లు అడిగితే తప్ప రాయరు. ఖర్చు లెక్కల్లో చూపించాల్సిన వాళ్లు గట్టిగా అడిగి తీసుకోండి.