నలభై దాటాక బాల్‌రూమ్ డాన్స్: మూడేళ్ల తర్వాత నా సమీక్ష

బాల్‌రూమ్ అంటే ఇద్దరు జోడీగా పట్టుకుని ఆడే డాన్సులు. ఆ క్లాసుల్లో చేరేనాటికి నాకు 42 ఏళ్లు. అంతకుముందు పాట వినబడితే వేలితో తాళం వేయడమే తప్ప కాలు కదిపిన మనిషిని కాదు. ఈ మూడేళ్లలో ఒక స్కూలు మానేసి ఇంకో స్కూల్లో చేరాను. ఎక్కడ చేరమంటారని ఎవరైనా అడిగితే ఆ రెండింటి మధ్య తేడా చెప్తుంటాను. ఇక్కడ రాసేదీ అదే.

మొదటి స్కూల్లో ట్రయల్ క్లాస్ అద్భుతంగా జరిగింది. అరగంట తిరక్కుండానే టీచర్‌తో వాల్ట్జ్ (మూడు లెక్కల తాళానికి ఆడే డాన్స్) బాక్స్ స్టెప్, అంటే నేల మీద చతురస్రం గీసినట్టు వేసే అడుగులు, వేసేస్తున్నాను. నాలో ఇంత కళ దాగుందా అని పొంగిపోయాను. అసలు సంగతి తర్వాత తెలిసింది. అనుభవం ఉన్న టీచర్ చెయ్యి పట్టుకుంటే ఎవరైనా డాన్సరే. మనం తప్పటడుగు వేస్తే ఆవిడ తన అడుగు సర్దుకుంటుంది, తాళం తప్పితే ఆవిడే మెల్లగా లాక్కొస్తుంది. ఆ పొంగులోనే 40 ప్రైవేట్ క్లాసుల ప్యాకేజీకి సంతకం పెట్టేశాను. గడువు దాటితే మిగిలిన క్లాసులు పోతాయనీ, మధ్యలో మానేస్తే డబ్బు తిరిగి రాదనీ అందులో రాసే ఉంది. చదవకపోవడం నా తప్పే. కానీ ప్రతి నాలుగో క్లాసు చివర్లో కూర్చోబెట్టి, ఇంకా పెద్ద ప్యాకేజీ తీసుకోమని బతిమాలడం మాత్రం వాళ్ల తప్పు.

ఎనిమిది నెలల్లో వాల్ట్జ్, టాంగో, ఫాక్స్‌ట్రాట్, రుంబా, చా-చా అని ఐదు రకాల డాన్సులు నేర్పించారు. స్టెప్పులు లెక్కపెట్టుకుంటే ముప్పై పైనే. ఎప్పుడూ ఒక్క టీచర్‌తోనే, ఎప్పుడూ అదే వరసలో. తర్వాత ఒక ప్రాక్టీస్ పార్టీకి వెళ్లాను. ముక్కూమొహం తెలియని ఒకావిడతో వాల్ట్జ్ మొదలుపెట్టాను. మూడో అడుగులోనే ఆవిడ కాలు తొక్కాను. ఆవిడ ఏమీ అనలేదు గానీ, పాట అయ్యేదాకా బాక్స్ స్టెప్ తప్ప ఇంకేదీ వేయలేకపోయాను. అప్పటిదాకా నేను లీడ్ చేస్తున్నాననుకున్నాను, అంటే ఎటు కదలాలో ఎదుటి మనిషికి నేనే చెప్తున్నాననుకున్నాను. నిజానికి తర్వాతి స్టెప్ ఏమిటో టీచర్‌కి ముందే తెలుసు కాబట్టి నేను చెప్పినా చెప్పకపోయినా ఆవిడ అటే వెళ్లేది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుందని మీరు అనుకోవచ్చు. ఆడలేకపోయింది నేనే, ఒప్పుకుంటాను. మద్దెల కూడా కొంత ఓటిదే.

రెండో స్కూలుకి ఒక పరిచయస్తుడు తీసుకెళ్లాడు. అక్కడ గ్రూప్ క్లాసులే ఎక్కువ. మూడు నాలుగు నిమిషాలకోసారి పార్టనర్‌ని మారుస్తారు. మొదటి వారం నాకు చిరాకేసింది. ఒకరితో కుదురుకునేలోపే ఇంకొకరు వస్తారు. ఒకరి చెయ్యి దూదిలా ఉంటుంది, ఏం చెప్పినా తగలదు. ఇంకొకరు భుజం మీద బరువంతా వేసేస్తారు. పొడుగు, పొట్టి, అడుగు సైజు ఎవరిది వారిదే. కానీ రెండు నెలల్లో అర్థమైంది, లీడ్ చేయడమంటే చేతులతో నెట్టడం కాదని. నా బరువు ఏ కాలి మీద ఉందో ఎదుటి మనిషికి తెలిసేలా కదలాలి. చేతులు, భుజాలు ఒక చట్రంలా నిలబడితే చాలు, మిగతాది ఒళ్లు చెప్తుంది. ఒకే టీచర్‌తో ఎనిమిది నెలలు ఆడినా రానిది ఇక్కడ పదిమందితో ఆడితే వచ్చింది.

స్కూలు మారినప్పుడు ఇంకో తమాషా కూడా జరిగింది. నాకు రుంబా వచ్చని ధైర్యంగా చెప్పాను. తీరా చూస్తే ఇక్కడి రుంబా వేరు. మొదటి స్కూల్లో అమెరికన్ పద్ధతి, అందులో రుంబా బాక్స్ స్టెప్‌తో మొదలవుతుంది. రెండో స్కూల్లో ఇంటర్నేషనల్ పద్ధతి. బాక్స్ మాటే ఎత్తరు, తాళంలో రెండో దెబ్బకి మొదటి అడుగు వేయాలి: రెండు, మూడు, నాలుగు-ఒకటి. మోకాలు నిటారుగా చాచిన కాలి మీదికి బరువు వెళ్లాలి, నడుము కదలిక దాన్నుంచే పుడుతుంది. వాల్ట్జ్, టాంగోల్లోనూ తేడా ఉంది. అమెరికన్ పద్ధతిలో వీటిని స్మూత్ అంటారు, అందులో జోడీ విడిపోయి తిరగొచ్చు, ఇంటర్నేషనల్‌లో పాట అంతా పట్టు వదలకూడదు. ఏది గొప్ప అని అడగొద్దు, నాకు రెండూ ఇష్టమే. చేరేముందు మాత్రం ఏ పద్ధతి నేర్పుతారో అడగండి. మీరు ఆడబోయే పార్టీల్లో అందరూ ఏది ఆడతారో కూడా చూసుకోండి. నేను ఆ ఒక్క మాట అడగనందుకు రుంబా రెండుసార్లు నేర్చుకున్నాను.

ప్రైవేట్ క్లాసులు దండగ అనను. ఇప్పుడు నెలకొకటి తీసుకుంటాను, కొత్త స్టెప్పులకి కాదు, ఒక్క లోపం సరిచేసుకోవడానికి. పోయిన నెల 45 నిమిషాలూ ఫాక్స్‌ట్రాట్‌లో ముందుకు వేసే అడుగు మీదే గడిచిపోయాయి. మడమ ముందు ఆనాలి, తర్వాత పాదం. చూడ్డానికి మామూలు నడకలా ఉంటుంది గానీ నన్నడిగితే అన్నిటికంటే కష్టం స్లో ఫాక్స్‌ట్రాటే. వాల్ట్జ్‌లో మూడో అడుగుకి కాళ్లు కలుస్తాయి, ఊపిరి తీసుకునే సందు దొరుకుతుంది. ఫాక్స్‌ట్రాట్‌లో ఆ సందు లేదు, ఒకదాని వెంట ఒకటి జారుతూనే పోవాలి. నిదానంగా ఉండేవి తేలికని కొత్తవాళ్లు అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను.

వీడియోలు చూసి నేర్చుకోవచ్చా అని కొందరు అడుగుతారు. ఆర్థర్ మర్రే అనే ఆయన ఎప్పుడో 1920ల్లోనే కాగితం మీద పాదాల గుర్తులు అచ్చువేసి, పోస్టులో పంపి డాన్స్ నేర్పాడు. వీడియోల్లో ఉన్న లోటూ అప్పటిదే. కాలు ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది, బరువు ఎప్పుడు మార్చాలో తెలియదు. క్లాసులో నేర్చుకున్నది గుర్తుచేసుకోవడానికైతే పనికొస్తాయి.

బూట్ల సంగతి ముందే చెప్పాల్సింది. ఆర్నెల్లు రబ్బరు అడుగున్న మామూలు బూట్లతోనే ఆడాను. రబ్బరు నేలని పట్టేస్తుంది, ఒళ్లు తిరుగుతుంది, పాదం తిరగదు. ఆ మెలికంతా మోకాలి మీద పడుతుంది. నా కుడి మోకాలు రెండు నెలలు సతాయించింది. స్వేడ్ (నూగులాంటి మెత్తని తోలు) అడుగున్న డాన్స్ బూట్లు కొన్నాక మళ్లీ ఆ బాధ లేదు. అప్పుడప్పుడు ఇనుప తీగల బ్రష్‌తో రుద్దుకోవాలి, తడి నేల మీద వేసుకోకూడదు, అంతే. తళతళలాడే డ్రెస్సులూ అవీ ఇంకో ఐదేళ్లు ఆగొచ్చు.

రెండో స్కూలు పరీక్షలకి కూడా పంపిస్తుంది, బ్రాంజ్, సిల్వర్, గోల్డ్ అని మెట్లు. 42 ఏళ్లకి పరీక్షలేమిటని నవ్వుకున్నాను, తీరా బ్రాంజ్ రాసేటప్పుడు, రాయడం కాదులెండి, ఆడేటప్పుడు, చేతులు చల్లబడ్డాయి. టెన్షన్‌లో టాంగో కాస్త తొందరగా మొదలుపెట్టినా గట్టెక్కాను. ఆ మూడు నెలల తయారీలో నా నిలబడే తీరు బాగుపడింది. వద్దనుకుంటే మానేయొచ్చు, ఎవరూ బలవంతపెట్టరు.

ఈ స్కూలుకీ లోపాలున్నాయి. లీడ్ చేసేవాళ్లు, ఫాలో అయ్యేవాళ్లు సరిసమానంగా ఉండరు. కొన్ని రోజులు పావుగంటకోసారి గోడవారన నిలబడాల్సి వస్తుంది. అలా నిలబడి విసుగొచ్చి ఫాలో అవడం కూడా నేర్చుకున్నాను. వెనక్కి నడుస్తూ, ఎదుటివాడు ఎటు తిప్పుతాడో తెలియక చూస్తుంటే, ఆ ప్రాక్టీస్ పార్టీలో నేను కాలు తొక్కినావిడ ఎంత ఓపిక పట్టిందో తెలిసొచ్చింది.

వియన్నీస్ వాల్ట్జ్, అంటే గిరగిరా వేగంగా తిరిగే వాల్ట్జ్, మాత్రం ఇంకా లొంగలేదు. మామూలు వాల్ట్జ్ నిమిషానికి 30 బార్లకి (బార్ అంటే మూడు దెబ్బల ఒక చుట్టు) మించదు, ఇది 60 దాకా పోతుంది. కుడివైపు తిరగడం వచ్చింది, ఎడమవైపు తిరగబోతే కాళ్లు ముడిపడుతున్నాయి. అందుకని పార్టీల్లో పాట మొత్తం కుడివైపే తిరుగుతూ హాలు చుట్టి వస్తాను. రెండో చుట్టుకి తల తిరుగుతుంది, పార్టనర్ ఎవరైనా సరే ముందే చెప్పేస్తాను.