దత్తపది చీటీలు, విరాటపర్వం పద్ధతి: మూడేళ్లు వాడాక నా అభిప్రాయం

ముందే చెప్పేస్తాను, ఇది షాపులో దొరికే వస్తువు కాదు. ఒక చిన్న స్టీలు డబ్బా, దాని నిండా మడతపెట్టిన కాగితం చీటీలు, వాటితో పాటు మా నలుగురం కూర్చుని మాట్లాడుకుని పెట్టుకున్న రెండు ఒప్పందాలు, అంతే. 2022 చివర్లో మొదలుపెట్టాను, ఇప్పటికి మూడేళ్లయింది. కలిసి కథ రాసే రోల్‌ప్లేలో చెయ్యి ఆగిపోతే ఏం పనిచేస్తుందో, ఏది పనిచేయదో అప్పట్లో నాకు చెప్పేవాళ్లు లేరు. నాలాగే ఆగిపోయినవాళ్లు ఉంటారని ఇది రాస్తున్నాను.

మా కథ సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. 2021 లాక్‌డౌన్‌లో బెంగళూరులో గదుల్లో ఇరుక్కుపోయిన నలుగురు తెలుగువాళ్లం కలిసి మొదలుపెట్టాం. తలా ఒక పాత్ర తీసుకుని, వంతులవారీగా, నీ పాత్ర ఏం చేసిందో నువ్వు రాస్తే దానికి నా పాత్ర ఏం చేసిందో నేను రాస్తాను. కథాకాలం 1565. ఆ జనవరిలో తళ్లికోట యుద్ధంలో విజయనగర సామ్రాజ్యాన్ని నడిపిన రామరాయలు చనిపోయాడు, ఆయన తమ్ముడు తిరుమలరాయలు ఖజానాతో పెనుకొండ దారి పట్టాడు. మాకు ఆ పెద్దవాళ్లతో పని లేదు, వాళ్ల వెనకే బండ్లు కట్టుకుని, పిల్లల్ని ఎక్కించుకుని బయల్దేరిన మామూలు జనమే మా కథ. నాది సూరప్ప అనే కరణం పాత్ర. బనశంకరిలో ఉండే అక్కది గౌరమ్మ అనే మంత్రసాని. మిగతా ఇద్దరిలో ఒకరిది బండివాడు, ఇంకొకరిది సైన్యంలోంచి పారిపోయి వచ్చిన కుర్రాడు. మాది హిందూపురం, పెనుకొండ కొండని రైలు కిటికీలోంచి చూస్తూ పెరిగినదాన్ని, కాబట్టి ఈ కథ అంటే నాకు మామూలు ఇష్టం కాదు.

అలాంటి కథలో నేను ఒక వాక్యం దగ్గర 23 రోజులు ఆగిపోయాను. "సూరప్ప గుడారం బయట నిలబడ్డాడు." ఇదీ ఆ వాక్యం. ఆఫీసుకి వెళ్తూ బస్సులో ఫోన్ తీసి ఆ డ్రాఫ్ట్ చూసేదాన్ని, మారతహళ్లి బ్రిడ్జి దగ్గర ట్రాఫిక్ ఆగితే మళ్లీ చూసేదాన్ని, రాత్రి పడుకునే ముందు ఇంకోసారి. సూరప్ప మాత్రం అక్కడే నిలబడి ఉన్నాడు. ఒంటరిగా కథ రాసుకునేటప్పుడు ఆగిపోవడం వేరు, అప్పుడు ఆగేది నీ కథ ఒక్కటే. ఇక్కడ నేను ఆగితే గౌరమ్మ ఆగింది, బండివాడు ఆగాడు, వాళ్ల వెనక నిజంగా కూర్చుని ఎదురుచూసే ముగ్గురు మనుషులు ఆగారు. నాలుగో రోజుకి సిగ్గు మొదలైంది, పదో రోజుకి గ్రూపు తెరవాలంటేనే టెన్షన్, పదిహేనో రోజు దాటాక ఇన్ని రోజులు ఆపినందుకు ఇప్పుడు రాసేది అద్భుతంగా ఉండాలన్న బరువు వచ్చి కూర్చుంది. వంతు కాస్తా బాకీ అయిపోయింది. వడ్డీ పెరిగే బాకీ. నాకు మాటలు దొరక్క ఆగిపోయానని అప్పట్లో అనుకునేదాన్ని, కానీ వేరే కథ ఏదైనా రాయమంటే ఆ రోజుల్లో కూడా రాయగలిగేదాన్నే.

అందరూ చెప్పేవి అన్నీ చేసి చూశాను. టైమర్ పెట్టుకోవడం, అదే ఆ పొమొడోరో పద్ధతి, 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం. 1980ల చివర్లో ఫ్రాన్సెస్కో సిరిల్లో అనే ఇటలీ ఆయన టమాటా ఆకారంలో ఉన్న వంటింటి టైమర్‌తో మొదలుపెట్టింది. ఏం రాయాలో తెలిసినప్పుడు అది చాలా బాగుంటుంది, ఇప్పటికీ వాడతాను. ఏం రాయాలో తెలియనప్పుడు మాత్రం 25 నిమిషాలు ఖాళీ తెర చూసి లేవడమే. ఒకసారి ఏఐతో రిప్లై రాయించి పంపాను కూడా. అక్క రెండు నిమిషాల్లో ఫోన్ చేసింది. "ఏమే పిల్లా, ఒంట్లో బాగాలేదా? ఇది మన సూరప్ప కాదు" అంది. కోప్పడి ఉంటే అంత బాధపడేదాన్ని కాదు. కంగారుపడి ఫోన్ చేసింది. ఆ రోజే మొత్తం చెప్పేశాను, 23 రోజుల సంగతి, ఆ వాక్యం సంగతి, గ్రూపు తెరవాలంటే భయంగా ఉంటోందన్న సంగతి. అక్క కాసేపు విని, "సరే, దత్తపది ఇస్తాను, పూరించు" అంది.

అక్కది రాజమండ్రి. చిన్నప్పుడు వాళ్ల తాతగారి చెయ్యి పట్టుకుని అవధానాలకు వెళ్లేదట. అవధానంలో పృచ్ఛకుడు ఒకదానికొకటి పొంతన లేని పదాలు, మామూలుగా నాలుగు, ఇచ్చి, ఫలానా విషయం మీద పద్యం చెప్పమంటాడు, ఆ నాలుగూ పద్యంలో ఇమడాలి. అదే దత్తపది. ఆ రోజు అక్క నాకిచ్చినవి: సున్నం, తాళపత్రం, ఎద్దుగంట, నిద్ర. పద్యం అక్కర్లేదు, నాలుగు వాక్యాలు చాలు, బాగుండాలని రూలు లేదు. నేను రాసింది ఇది:

"సూరప్ప తాళపత్రాల కట్ట విప్పలేదు. ఎద్దు మెడలోంచి గంట తీసి, అందులో తడి సున్నం కుక్కి, ఊపి చూసి, చప్పుడు రాలేదని రూఢి చేసుకుని మళ్లీ కట్టాడు. ఇలా పదకొండు ఎద్దులకి. ఈ రాత్రి పిల్లలు కాస్త నిద్రపోతారు."

పదిహేను నిమిషాలు పట్టింది. ఈ ముక్క రాసేదాకా సూరప్ప భయపడుతున్నాడని నాకే తెలియదు, వెనక ఎవరో తరుముతున్నారన్న సంగతి కూడా అప్పటికి కథలో లేదు. గంటలో సున్నం కుక్కాక, ఎందుకు కుక్కాడన్న ప్రశ్న వచ్చింది, ఆ ప్రశ్న మీద మా కథ తర్వాత ఐదు నెలలు నడిచింది. రాసే ముందు నేను ఎప్పుడూ "సూరప్ప ఏం అనుకుంటున్నాడు" అని ఆలోచించేదాన్ని. ఈ పదాలు వచ్చి సూరప్ప చేతికి పని చెప్పాయి, మనసు సంగతి చెయ్యి వెనకే వచ్చింది.

ఆ తర్వాత డబ్బా వచ్చింది. మూడేళ్ల వాడకంలో తేలినవి చెబుతాను. చీటీల మీద పదాలు మనం రాసుకుంటే ఉపయోగం తక్కువ, ఎందుకంటే మనకి తెలిసిన దారిలో వెళ్లే పదాలే మనం రాస్తాం. నా డబ్బాలో మొదట నేను రాసిన 60 చీటీలూ తీసి పారేశాను, ఇప్పుడున్నవన్నీ ఇతరులు రాసిచ్చినవి. మా అమ్మ రాసిన చీటీలు అన్నిటికన్నా బాగా పనిచేశాయి: చాట, కవ్వం, నులకమంచం, పేడకళ్లాపి. విధి, ప్రేమ, ద్రోహం లాంటి పెద్ద పదాలు వేస్తే కథ అక్కడే ముద్దయిపోతుంది, చేత్తో పట్టుకోగలిగేవి, ముక్కుకి చెవికి తగిలేవి కావాలి. నాలుగే సరైన లెక్క. రెండు తీస్తే మరీ సులువు, ఆరు తీస్తే పదాలు ఇరికించడమే పనైపోతుంది. ఆరేడు నెలలకి చీటీలు పాతబడతాయి, మడత చూసి ఏ పదమో గుర్తుపట్టేస్తాం. అప్పుడు ఎవరి చేతనైనా కొత్తవి రాయించుకోవాలి. పండక్కి ఊరెళ్లినప్పుడు నేను చేసే పని అదే, ఇంటికొచ్చిన ప్రతివాళ్ల చేతా ఐదేసి పదాలు రాయిస్తాను.

నిషిద్ధాక్షరిని కూడా ఇలాగే మార్చి వాడదామని చూశాం. అవధానంలో అక్షరం అక్షరానికి పృచ్ఛకుడు అడ్డు చెబుతాడు కదా, మేము దాన్ని తేలిక చేసి, అలవాటుగా వాడేసే మాటల్ని నిషేధించాం. నాకైతే "నిలబడ్డాడు", "చూశాడు", "మౌనంగా" మూడూ నిషేధం. బండివాడి పాత్ర రాసే తమ్ముడికి అది భలే పనికొచ్చింది. నాకు మాత్రం చెయ్యి ఇంకా బిగుసుకుపోయింది. ఆగిపోయి ఉన్న మనిషికి "ఇది వద్దు" అనే మాట కన్నా "ఇది తీసుకో" అనే మాటే ముందు కావాలి, నా అనుభవంలో అయితే.

నిడివి గురించి ఒక మాట. అవతలివాళ్లు ఎంత పొడవు రాస్తే మనమూ అంత రాయాలన్న మొహమాటం రోల్‌ప్లేలో చాలామందిని చంపేస్తుంది. మేము డిస్కార్డ్‌లో రాసుకుంటాం, అక్కడ మామూలు అకౌంట్‌కి మెసేజ్‌కి 2000 క్యారెక్టర్లు. తెలుగులో గుణింతం, ఒత్తు, అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. "స్త్రీ" కంటికి ఒక్క అక్షరమే, లెక్కలో ఆరు. అంటే మనకి రెండు వందల పైచిలుకు మాటలు, అంతే. ఒక వంతుకి ఒక్క మెసేజే అని ఒప్పందం చేసుకున్నాం, దాంతో సగం భయం పోయింది.

ఇక విరాటపర్వం. ఈ పేరు కూడా అక్కదే. తెలుగు భారతాన్ని పదకొండో శతాబ్దంలో రాజమహేంద్రవరంలో నన్నయ్య మొదలుపెట్టి అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయాడు. పదమూడో శతాబ్దంలో తిక్కన వచ్చి ఆ సగం పర్వం ముట్టుకోకుండా విరాటపర్వం నుంచి చివరిదాకా రాశాడు. అరణ్యపర్వంలో మిగిలిన భాగాన్ని పద్నాలుగో శతాబ్దంలో ఎర్రన పూర్తి చేశాడు. "ఆగిన చోటే ఆగాలని ఎవరు చెప్పారు, తిక్కనగారు ఆగారా?" అని అక్క వాదన. కాబట్టి మా ఒప్పందం ఏంటంటే, ఎవరైనా రెండు వారాలు ఒక సన్నివేశం దగ్గర ఆగితే, సంజాయిషీ అడక్కుండా "విరాటపర్వం" అని ఒక్క మాట పెట్టి తర్వాతి సన్నివేశానికి వెళ్లిపోతాం. ఖాళీ అలాగే ఉంటుంది, ఎవరికి ఎప్పుడు రాయాలనిపిస్తే అప్పుడు పూరిస్తారు, ఆ పాత్ర వాళ్లది కాకపోయినా సరే, అడిగి రాయొచ్చు. నాలుగేళ్లలో మా కథలో ఇలాంటి ఖాళీలు తొమ్మిది పడ్డాయి, ఐదు పూడాయి. మిగతా నాలుగు లేకపోయినా కథ నిలబడింది. చీటీల కన్నా ఈ పద్ధతికే నేను ఎక్కువ రుణపడి ఉన్నాను, ఎందుకంటే ఆ బాకీ లెక్కని మొత్తం కొట్టేసింది ఇదే.

అయితే 2024లో ఇవేవీ పనిచేయలేదు, అది చెప్పకపోతే ఈ సమీక్ష అబద్ధం అవుతుంది. ఆ మార్చిలో బెంగళూరులో నీళ్ల కొరత ఎలా ఉండిందో ఇక్కడున్నవాళ్లకి తెలుసు. మా బిల్డింగ్‌కి ట్యాంకర్ అర్ధరాత్రి ఎప్పుడో వచ్చేది, బకెట్లు పట్టి పడుకునేసరికి రెండు, పొద్దున ఆఫీసు. అక్కడ ఇద్దరి పని నా ఒక్కదాని మీద పడింది. అది చాలదన్నట్టు మా కథ కాక ఇంకో మూడు కథల్లో ఒప్పుకుని కూర్చున్నాను. చీటీ తీశాను, "కవ్వం" వచ్చింది, దాన్ని చూస్తే ఏమీ కలగలేదు. మామూలుగా ఆగిపోయినప్పుడు రాయలేకపోతున్నానని ఏడుపు వస్తుంది. ఈసారి అదీ లేదు, సూరప్ప బతికితే ఏంటి చస్తే ఏంటి అన్నట్టు ఉంది. అక్క గౌరమ్మ ప్రసవం చేయించే ఘట్టం రాసింది, మా కథలోకెల్లా గొప్ప ఘట్టం అది, నేను దానికి ఒక హార్ట్ పెట్టి ఫోన్ పక్కన పడేశాను. ఆ నిమిషం తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నౌట్‌ని వివరిస్తూ మూడు లక్షణాలు చెప్పింది: శక్తి అంతా అయిపోవడం, చేసే పని మీద మనసు విరిగి దూరమవడం, చేతనవుతుందన్న నమ్మకం తగ్గడం. వాళ్లు చెప్పింది ఉద్యోగానికి సంబంధించే, కానీ నా విషయంలో ఉద్యోగంలో మొదలైన మంట కథ దాకా పాకింది. అలాంటప్పుడు దత్తపది తీయడం కాలు విరిగినవాడికి చెప్పులు మార్చడం లాంటిది.

నేను చేసింది సెలవు పెట్టడం. చెప్పాపెట్టకుండా మాయమవడం కాదు. మిగతా మూడు కథల్లో "ఇక నేను రాయలేను, నా పాత్రని మీ ఇష్టం వచ్చినట్టు సాగనంపండి" అని చెప్పి బయటికొచ్చాను. మా గ్రూపులో మాత్రం మూడు నెలలు అని తేదీతో సహా పెట్టాను. అక్క సూరప్పకి జ్వరం తెప్పించి బండిలో పడుకోబెట్టింది. మధ్య మధ్యలో గౌరమ్మ కషాయం కాచి పోస్తున్నట్టు ఒక్కో వాక్యం రాస్తూ ఉండేది. నన్ను మాత్రం ఎప్పుడొస్తావని ఒక్కసారి కూడా అడగలేదు. రెండు నెలలు ఏమీ రాయలేదు, చదవలేదు కూడా. మూడో నెలలో ఊరెళ్లినప్పుడు మా తమ్ముడి బండి మీద పెనుకొండ వెళ్లాను, రాయడం కోసం కాదు, ఊరికే. గగన్ మహల్ దగ్గర చెప్పులు విప్పి రాతి మీద అడుగు పెడితే పాదాలు చుర్రుమన్నాయి, గబగబా నీడలోకి ఉరికాను. సూరప్ప అన్ని రోజులు నడిచి ఇక్కడికొచ్చేసరికి అరికాళ్లు ఎలా ఉండి ఉంటాయో అనిపించింది. మూడు నెలల్లో సూరప్ప గురించి నాకు వచ్చిన మొదటి ఆలోచన అది. ఆ రాత్రే రాయలేదు, ఇంకో వారం ఆగాను.

ఇప్పుడు ఆఫీసుకి మెట్రోలో వెళ్తున్నాను, గరుడాచార్‌పాళ్యలో ఎక్కితే ఎంజీ రోడ్ దాకా 20 నిమిషాల పైన దొరుకుతుంది. చీటీలు ఇంట్లోనే తీసి ఆ నాలుగు పదాలు అరచేతి మీద రాసుకుని వెళ్తాను. ఒక్క కథ, వారానికి ఒక్క వంతు, అంతకు మించి ఒప్పుకోవడం లేదు.

ఎవరికి పనికిరాదో కూడా చెప్పాలి. గ్రూపులో మనుషుల మధ్య గొడవ ఉంటే ఇవి పనిచేయవు. మా నలుగురిలో సైనికుడి పాత్ర రాసినతను నన్ను అడక్కుండా సూరప్ప చేత మాటలు అనిపించేవాడు, చేతలు చేయించేవాడు. అది నేను రాయలేకపోవడమే అనుకుని నెల రోజులు చీటీలు తీశాను. తీరా చూస్తే నాకు అతనితో రాయాలని లేదు, అంతే. నోరు తెరిచి చెప్పాను, కొన్నాళ్లకి అతను వెళ్లిపోయాడు. సైనికుడు పెన్న ఒడ్డున ఆగిపోయాడు, బండ్లు పెన్న దాటే ఆ ఘట్టం మా పెద్ద ఖాళీ అయి కూర్చుంది.

ఈ మధ్య చెన్నైలో చదువుకునే ఒక అమ్మాయి మాతో చేరింది. మొత్తం కథ మొదటి నుంచి చదివి, పోయిన ఆదివారం రాత్రి అడిగింది, "అక్కా, పెన్న దాటే సీన్ ఎవరూ రాయలేదు కదా, నేను రాయొచ్చా? సైనికుడు ఆ ఒడ్డునే ఎందుకు ఆగిపోయాడో నాకు తెలుసనిపిస్తోంది." నేను జవాబు టైప్ చేస్తుండగానే అక్క పంపేసింది: మోకు, ఇసుక, చద్దిమూట, ఈల.