మళ్ళీ కరోనా లాంటిది వస్తే ఊళ్ళో సేవలు ఎలా నడపాలి: ఇంటికే ఇవ్వాలా, టోకెన్ పెట్టాలా, ఆన్‌లైన్ చేసేయాలా?

ఈ మధ్య కొత్తగా పోస్టింగ్ వచ్చిన పంచాయతీ సెక్రటరీలు, ఒకరిద్దరు సర్పంచులు కూడా ఫోన్ చేసినప్పుడల్లా చివర్లో ఇదే అడుగుతున్నారు, "మేడం, కరోనా టైంలో మీరు చేశారు కదా, మళ్ళీ అలాంటిదే వస్తే పెన్షన్లూ రేషనూ సర్టిఫికెట్లూ ఎలా ఇస్తే మంచిది, ఇంటింటికీ తిప్పాలా, సచివాలయం దగ్గర టోకెన్లు పెట్టాలా, అన్నీ ఆన్‌లైన్ చేసేస్తే సరిపోద్దా" అని. ఒక్కొక్కళ్ళకీ విడిగా చెప్పే బదులు ఒకేసారి రాసేస్తున్నా. నేను 2020, 2021 రెండేళ్ళూ ఆంధ్రలో గోదావరి పక్కన ఓ చిన్న పంచాయతీలో పనిచేశా, ఈ మూడు పద్ధతులూ అక్కడ చేసి చూసినవే.

అప్పటి పరిస్థితి ఒక్కసారి గుర్తు చేసుకోండి. గ్రామ సచివాలయాలు, అంటే ఊళ్ళోనే ప్రభుత్వ సేవలందించే ఆఫీసులు, మొదలైంది 2019 అక్టోబర్ 2న, లాక్‌డౌన్ వచ్చింది 2020 మార్చి 25న, అంటే సగం మంది స్టాఫ్‌కి ఊళ్ళో వీధుల పేర్లు కూడా సరిగ్గా తెలియని రోజులు. సర్పంచులు లేరు. స్థానిక ఎన్నికలు మార్చి 15న వాయిదా పడి, పంచాయతీ ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో గానీ జరగలేదు, అప్పటిదాకా స్పెషల్ ఆఫీసర్ల పాలనే. మా స్పెషల్ ఆఫీసర్‌కి మా ఊరొక్కటే కాదు కదా, ఆ పక్క రెండూళ్ళు కూడా ఆయనవే. కాబట్టి ఊళ్ళో ఏం చేసినా, చెయ్యకపోయినా జనం అడిగేది మమ్మల్నే.

ముందు ఆన్‌లైన్ సంగతి తేల్చేద్దాం. సర్టిఫికెట్లకీ, అర్జీలకీ, పన్ను కట్టడానికీ ఆన్‌లైన్ బాగానే ఉంది, ఇంట్లో చదువుకునే పిల్లలుంటే వాళ్ళే చేసేస్తారు, ఆఫీసుకొచ్చే జనం తగ్గుతారు. అందులో వాదన లేదు. కానీ ప్రాణం మీదకొచ్చే సేవ ఏదైనా ఆన్‌లైన్ ఒక్కదాని మీదే పెడితే ఏమవుద్దో వ్యాక్సిన్ అప్పుడు దేశమంతా చూసింది. 2021 మే 1 నించి 18 నించి 44 ఏళ్ళ వాళ్ళకి కోవిన్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ముందే స్లాట్ బుక్ చేసుకుంటేనే టీకా అన్నారు. ఫోన్ ఉన్నవాడికి, స్లాట్లు తెరిచిన నిమిషంలో వేళ్ళు చకచకా ఆడించగలిగినవాడికి దొరికింది, లేనివాడికి లేదు. మే 24కల్లా ప్రభుత్వ సెంటర్లలో అక్కడికక్కడే పేరు రాసుకోవచ్చని మార్చాల్సొచ్చింది, మే 31న సుప్రీంకోర్టు కూడా ఊళ్ళల్లో ఫోనూ నెట్టూ లేనివాళ్ళ సంగతేంటని గట్టిగానే అడిగింది. ఇంకో మాట, అకౌంట్లో డబ్బులు పడటం వేరు, చేతికి రావడం వేరు. 2024లో ఎన్నికల కోడ్ వల్ల, అప్పటిదాకా ఇంటింటికీ తిరిగి పెన్షన్లిచ్చిన వాలంటీర్లని పక్కన పెట్టినప్పుడు ఏప్రిల్‌లో పెన్షన్ సచివాలయాల దగ్గర ఇచ్చారు, మేలో చాలామందికి బ్యాంకు అకౌంట్లలో వేశారు. ఆ ఎండల్లో పెద్దవాళ్ళు బ్యాంకుల ముందు ఎలా పడిగాపులు పడ్డారో అందరం చూశాం. నేను ఏ పార్టీ వైపూ మాట్లాడట్లేదు, పద్ధతి గురించే చెప్తున్నా. జూలై 1 నించి మళ్ళీ సచివాలయం ఉద్యోగులే ఇంటికెళ్ళి ఇవ్వడం మొదలుపెట్టారు కదా, ఎందుకో ఆలోచించండి.

ఇక అసలు పోటీ టోకెన్‌కీ ఇంటింటికీ మధ్యే.

టోకెన్‌ని నేను తక్కువ చెయ్యను. కొన్నిటికి అదే కరెక్టు. వడ్లనే తీసుకోండి, రైతు ఇంటికెళ్ళి కొనలేం కదా, తూకం ఉండాలి, తేమ చూడాలి, లారీ ఎక్కించాలి. 2020 యాసంగికి తెలంగాణలో ఊరూరా కొనుగోలు కేంద్రాలు పెట్టి ఏ రైతు ఏ రోజు రావాలో కూపన్లు ఇస్తామన్నారు, అది మంచి ఆలోచన. దానికి కూడా ఒక చిక్కుంది, తేమ 17 శాతం దాటితే కొనరు, మీ తారీకు రాకముందు రాత్రి వాన పడిందంటే ఆ టోకెన్ ఇంక కాయితమే, మళ్ళీ ఆరబోసుకుని కొత్త తారీకు కోసం తిరగాలి. ఉపాధి హామీ పనులు ఏప్రిల్ 20 తర్వాత మళ్ళీ మొదలైనప్పుడు మేం చేసింది కూడా టోకెన్ లాంటిదే, గ్రూపుల్ని చిన్నవి చేసి ఒక్కో గ్రూపుకి చెరువులో ఒక్కో వైపు చూపించాం, మస్టర్ (హాజరు పట్టీ) దగ్గర గుంపు లేకుండా గ్రూపుల్ని చూసుకునే మేట్లనే తిరిగి హాజరు వేసుకోమన్నాం. అది చక్కగా నడిచింది, ఎందుకంటే పనికి రాగలిగిన మనిషికే ఆ సేవ.

రేషన్ దగ్గరికి వచ్చేసరికి కథ మారిపోయింది. మా ఊళ్ళో షాపు ముందు సున్నంతో గుండ్రాలు గీయించాం, మనిషికీ మనిషికీ ఆరడుగులు, టేపు పెట్టి మరీ కొలిచాం. పొద్దున ఏడుకెళ్ళి చూస్తే ప్రతి గుండ్రంలోనూ ఒక చెప్పుల జత ఉంది, లేకపోతే ఒక గోనె సంచి, ఒక దాంట్లో ఇటుక మీద పేరు రాసి పెట్టారు. మనుషులందరూ పక్కన వేపచెట్టు నీడలో భుజం భుజం ఆనించి కూర్చుని కబుర్లాడుకుంటున్నారు. వాళ్ళ తప్పు కాదది, ఎండలో గంటన్నర ఎవరు నిలబడతారు? తర్వాత టైం వేసి టోకెన్లిచ్చాం, వీధికి ఓ గంట చొప్పున. రద్దీ బాగా తగ్గింది. మా ఆఫీసులో అందరం హమ్మయ్య అనుకున్నాం.

ఆ నెలాఖరుకి రిజిస్టర్ చూస్తుంటే కొన్ని టోకెన్లు వాడనే లేదని తెలిసింది. మిగిలిపోయాయి అంతే. ఎందుకు రాలేదని అడిగితే డీలర్‌కి తెలీదు, నాకూ తెలీదు. వెళ్ళి కనుక్కుంటే ఒకాయన పక్షవాతంతో మంచంలో ఉన్నాడు, భార్య ఆయన్ని వదిలి గంట సేపు బయటికి రాలేకపోయింది. ఒకావిడ జ్వరం వచ్చింది, బయటికెళ్తే క్వారంటైన్‌కి తీసుకుపోతారని భయపడి తలుపేసుకుని కూర్చుంది. ఒక కుటుంబం ఇటుక బట్టీ దగ్గర పనికెళ్ళి అక్కడే ఇరుక్కుపోయింది. అసలు ఎవరికైతే ఆ బియ్యం అందరికంటే ఎక్కువ అవసరమో సరిగ్గా వాళ్ళే రాలేదు.

నా దృష్టిలో ఏది మేలో తేల్చేది ఇక్కడే. అందరూ రద్దీ, ఖర్చు, స్టాఫ్, టైం ఇవన్నీ చూస్తారు, చూడాలి కూడా. కానీ నేను మొదట అడిగేది ఒక్కటే, రాని మనిషి ఎవరో ఈ పద్ధతిలో ఆ రోజు సాయంత్రానికి మనకి తెలుస్తుందా లేదా? క్యూలో వచ్చినవాళ్ళ లెక్కే ఉంటుంది. ఆన్‌లైన్‌లో అప్లై చేసినవాళ్ళ లెక్కే ఉంటుంది. తలుపు తట్టే పద్ధతిలో మాత్రం తలుపు తియ్యనివాళ్ళ లెక్క కూడా ఉంటుంది.

పెన్షన్ ఇంటికి ఇవ్వడం మాకు 2020 ఫిబ్రవరి 1నే మొదలైంది, అంటే కరోనా కోసం పెట్టింది కాదు, కానీ రెండు నెలలు ముందు అలవాటవ్వడం మా అదృష్టం. వాలంటీర్‌కి సుమారు 50 ఇళ్ళు. ఏప్రిల్ 1న వేలిముద్ర తీసేసి జియోట్యాగ్ ఫొటో (ఎక్కడ తీశారో కూడా నమోదయ్యే ఫొటో) తీసుకుని డబ్బులివ్వమన్నారు. చాలామందికి ఇది చిన్న విషయంలా అనిపిస్తుంది గానీ ఆ రోజుల్లో ఒకే మిషన్ మీద 50 మంది వేళ్ళు పెట్టకుండా ఆపింది ఆ నిర్ణయమే. తర్వాత వేలిముద్ర మళ్ళీ పెట్టాక శానిటైజర్ రాయించి వేలు పెట్టిస్తే తడికి మిషన్ తీసుకునేది కాదు, చీర చెంగుతో తుడుచుకుని పెడితే తీసుకునేది, అలా తుడుచుకున్నాక ఇంక శానిటైజర్ రాసి ఏం లాభం? కలుపు తీసీ నాట్లేసీ గీతలరిగిపోయిన వేళ్ళైతే పొడిగా ఉన్నా పడవు. మళ్ళీ అలాంటి రోజులొస్తే మొదటి రోజే పైఆఫీసుకి ఉత్తరం రాయండి, వేలిముద్ర ఆపమని.

ఆ ఏప్రిల్ ఒకటినే మా వాలంటీర్ అమ్మాయి ఎనిమిదింటికల్లా ఫోన్ చేసింది. "మేడం, చెరువు గట్టు మామ్మగారు తలుపు తియ్యట్లేదు, గొళ్ళెం లోపలే ఉంది." నేనూ ఊరి నర్సు ఏఎన్ఎం గారూ పరిగెత్తాం. కిటికీలోంచి పిలిస్తే పలికింది, "లేవలేకపోతున్నానమ్మా, రెండ్రోజుల నించి ఏమీ తినలేదు" అంది. కొడుకు హైదరాబాద్‌లో ఇరుక్కుపోయాడు, పక్కింటివాళ్ళు కరోనా భయానికి అటు చూడలేదు. తలుపు తీయించి గంజి పోసి హాస్పిటల్‌కి పంపాం, పది రోజులకి ఇంటికొచ్చింది. పెన్షన్ ఆ రోజుల్లో 2250 రూపాయలు. ఆ 2250 సచివాలయం దగ్గర ఇచ్చుంటే మా రిజిస్టర్లో ఆవిడ పేరు ఎదురుగా "తీసుకోలేదు" అని ఉండేది, ఐదో తారీకు దాకా ఎవరూ పట్టించుకునేవాళ్ళం కాదు. నేను ఇంటింటికీ వైపు ఎందుకు మొగ్గుతానో అడిగినవాళ్ళకి ఇంతకంటే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

ఇంటింటికీ పద్ధతికి ఉన్న పెద్ద ప్రమాదం కూడా చెప్పాలి. రోజుకి 50 గడపలు తొక్కే మనిషికి వైరస్ అంటితే ఆ మనిషే మోసుకెళ్తుంది. మాకు జరిగింది కూడా. ఆగస్టులో పెన్షన్లిచ్చిన మూడో రోజుకి ఒక వాలంటీర్‌కి పాజిటివ్ వచ్చింది. ఊరంతా ఆ అమ్మాయి మీద పడ్డారు, వాళ్ళ ఇంటికి పాలు పొయ్యడం మానేశారు, ఆ పిల్ల ఏడుస్తుంటే చూడలేకపోయాం. నెలకి 5000 గౌరవ వేతనానికి అంత మాట పడాలా? కానీ చూడండి, ఎవరింటికి ఏ టైంకి వెళ్ళిందో యాప్‌లో ఉంది, గడప లోపలికి వెళ్ళిందా వాకిట్లోనే ఇచ్చిందా అన్నది ఆమెకే గుర్తుంది, మధ్యాహ్నానికి లిస్టు తయారు, సాయంత్రానికి ఆశా కార్యకర్తలు అన్ని ఇళ్ళూ చుట్టేశారు. అదే నెలలో రేషన్ షాపుకొచ్చిన ఒకాయనకి పాజిటివ్ వస్తే ఆయన పక్కన వేపచెట్టు కింద ఎవరెవరు కూర్చున్నారో కనుక్కోవడానికి నాలుగు రోజులు పట్టింది, అది కూడా పూర్తిగా కాలేదు.

కాబట్టి ఇంటికే ఇవ్వాలనుకుంటే తిరిగేవాళ్ళని కాపాడుకోవడం ముందు పని. మాస్కులు, వాకిట్లోనే లావాదేవీ, డబ్బులు కవర్లో పెట్టి అరుగు మీద ఉంచి వెనక్కి జరగడం, వాళ్ళకి జ్వరమొస్తే వాళ్ళ క్లస్టర్, అంటే ఆ 50 ఇళ్ళు, ఎవరు చూస్తారో ముందే రాసుకోవడం. ఇది లేకుండా ఇంటింటికీ అనొద్దు.

వీధికి బండి తెచ్చే పద్ధతి గురించి కూడా అడుగుతున్నారు. 2021 జనవరిలో రేషన్‌కి 9260 బండ్లు వచ్చాయి గుర్తుందా, ఇంటికే అన్నారు గానీ చాలా చోట్ల బండి వీధి మొదట్లో ఆగేది, జనం బండి చుట్టూ చేరేవాళ్ళు, కూలికెళ్ళినవాళ్ళకి బండొచ్చిన టైం కుదిరేది కాదు. అంటే క్యూ షాపు దగ్గర్నించి వీధిలోకొచ్చింది అంతే, తలుపు తట్టేవాళ్ళు లేరు. 2025 జూన్ 1 నించి మళ్ళీ షాపులకే మార్చి, 65 ఏళ్ళు దాటినవాళ్ళకీ దివ్యాంగులకీ మాత్రం ఇంటికి ఇస్తున్నారు. నాకు ఇది నచ్చింది. బరువైన సరుకు మూడొందల ఇళ్ళకి మొయ్యడం ఏ చిన్న పంచాయతీ వల్లా కాదు, కాళ్ళున్నవాళ్ళు టోకెన్ మీద షాపుకొస్తారు, రాలేనివాళ్ళ ఇంటికి మనం వెళ్తాం.

మంచినీళ్ళు, చెత్త, వీధి లైట్ల దగ్గర ఎంచుకోవడానికేం లేదు, అవి నడవాల్సిందే. కుళాయిల దగ్గర గుంపు తగ్గాలంటే మోటారు ఎక్కువసేపు ఆడించి వీధుల వారీగా వదలండి, పారిశుధ్య కార్మికులకి గ్లవుజులూ బూట్లూ ముందు కొనండి. హైపోక్లోరైట్ మందు ట్రాక్టర్‌తో కొట్టి రోడ్లన్నీ తడపడం మాత్రం మానేయండి, మేమూ చేశాం, జనానికి ధైర్యంగా ఉంటుందని చేశాం, కానీ 2020 మేలోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ రోడ్ల మీద కొడితే ఉపయోగం లేదని, మనుషుల మీద కొడితే హాని అని చెప్పేసింది.

ఇక పనిలోకి వద్దాం. ఇప్పుడే, ఏ జబ్బూ లేని రోజుల్లోనే, ఒక లాంగ్ నోట్‌బుక్ కొని ఊళ్ళో రాలేని మనుషుల లిస్టు రాసిపెట్టుకోండి. మంచంలో ఉన్నవాళ్ళు, ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళు, డయాలసిస్‌కి వెళ్ళేవాళ్ళు, నెలలు నిండిన గర్భిణీలు, వలస వెళ్ళినవాళ్ళ ఇళ్ళల్లో మిగిలిపోయినవాళ్ళు. పేరు, వీధి, పక్కింటివాళ్ళ నంబరు, వేసుకునే మందులు. పిల్లల నంబరు కంటే పక్కింటి నంబరు ముఖ్యం, హైదరాబాద్‌లో ఉన్న కొడుకు తలుపు తియ్యలేడు కదా. ఇది కంప్యూటర్‌లో ఉంటే చాలదు, సర్వర్ డౌన్ అయిన రోజే అవసరమొస్తుంది. చివర్లో ఖాళీగా పన్నెండు గళ్ళు గీసుకుని నెలనెలా మనిషి కనపడితే టిక్కు పెట్టండి. ఈ పని ఒకటో తారీకు పెన్షన్ ఇచ్చేటప్పుడే చేసుకోవాలి, ఎలాగూ గడప దాకా వెళ్తారు, విడిగా ఇంకో రోజు పెట్టుకుంటే ఏ నెలా కుదరదు.