పాత చిత్రిక, పనస చెక్క: పర్లాకిమిడిలో తక్కువ ఖర్చు వడ్రంగం

సరదాకి వడ్రంగం మొదలుపెట్టాలనుకునేవాళ్ళు ముందు అడిగేది ఖర్చు గురించే. ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉంటూ ఏళ్ళ తరబడి పాత పనిముట్లతో, చవక చెక్కతో స్టూళ్ళు, పుస్తకాల అరలు, దేవుడి మందిరం, ఒక మంచం చేసుకున్నాక నేను గట్టిగా చెప్పగలిగేది ఇది: చేత్తో వాడే పనిముట్లు పాతవే కొనండి, చెక్క కూడా వీలైతే పాతదే కొనండి, మిగిలిన డబ్బు సానరాళ్ళ మీద పెట్టండి. కరెంటుతో కోసే మిషన్లు మాత్రం పాతవి వద్దు.

నా దగ్గర అన్నిటికంటే ఎక్కువ పని చేసింది స్టాన్లీ నంబర్ 4 చిత్రిక, అంటే చెక్క పైపొర తీసి నున్నగా చేసే పనిముట్టు. పాత ఇనప సామాన్ల కొట్లో కిలోల లెక్కన వచ్చింది. ఒళ్ళంతా తుప్పు, పిడి సగం లేదు. అయినా తీసుకున్నాను, ఎందుకంటే ఈ రకం చిత్రిక నిర్మాణం పెద్దగా మారలేదు. ఇనప చిత్రికలు రూపొందించిన లెనార్డ్ బెయిలీ పేటెంట్లను స్టాన్లీ కంపెనీ 1869లో కొన్నప్పటి నుంచి ఇంచుమించు అదే పద్ధతి నడుస్తోంది. దీనికి పట్టే రెండంగుళాల బ్లేడు ఇవాళ కూడా కొత్తది దొరుకుతుంది.

కొనేటప్పుడు తుప్పు చూసి వెనక్కి తగ్గకండి. అడుగు పలకలో బ్లేడు బయటికొచ్చే సందు చుట్టూ పగులు ఉందా, పక్కల్లో వెల్డింగు పెట్టిన గుర్తు ఉందా, బ్లేడు ఇంకా ఎంత పొడవు మిగిలింది, లోతు దించే ఇత్తడి చక్రం తిరుగుతోందా, ఇవి చూడాలి. పోత ఇనుము పగిలితే ఎంత చవకైనా వదిలెయ్యండి. మిగతాదంతా ఇంట్లో బాగవుతుంది. ఒక రాత్రి వెనిగర్‌లో నానబెట్టి, ఇనప పీచుతో రుద్ది, చాకలి సోడా నీళ్ళతో కడిగితే తుప్పు పోతుంది. కడిగిన వెంటనే ఆరబెట్టి కుట్టుమిషను నూనె రాయాలి, లేకపోతే కళ్ళ ముందే మళ్ళీ ఎర్రబారుతుంది. అడుగు చదును చెయ్యడానికి మందపాటి అద్దం మీద ఉప్పుకాగితం అంటించి, చిత్రిక అడుగున స్కెచ్ పెన్నుతో అడ్డగీతలు గీసి రుద్దాలి. గీత చెరగనిచోట పల్లం ఉన్నట్టు. ముందు కొస, సందు ముందు భాగం, వెనక కొస ఒకే మట్టానికి వస్తే చాలు, మొత్తం మెరవక్కర్లేదు. పిడి తుమ్మకర్రతో చేసుకున్నాను. ఇప్పటికీ గట్టిగా ఉంది.

మా ఊరి వడ్రంగులు చాలామంది వాడే కర్ర చిత్రిక కూడా నా దగ్గర ఉంది. తేలిక, చెక్క మీద హాయిగా జారుతుంది, రేటు ఇంకా తక్కువ. వానాకాలంలో మాత్రం దాని ఒళ్ళు ఉబ్బి, బ్లేడు పట్టి ఉంచే చీల బిగుసుకుపోతుంది, అడుగు కాస్త వంగుతుంది. శ్రావణ భాద్రపదాల్లో ఇనప చిత్రికే వాడతాను, ఎండల్లో కర్రది.

పదును గురించి కాస్త ఎక్కువ చెప్పక తప్పదు. ఎంత మంచి బ్లేడైనా మొద్దుబారితే చెక్కని చీలుస్తుంది, చెయ్యి నొప్పెడుతుంది, మనిషికి పని మీదే విరక్తి వస్తుంది. రెండు వైపులా వేరు వేరు గరుకు ఉన్న కార్బొరండం రాయి, వెయ్యి నంబరు నీటి కాగితం (తడిపి వాడే ఉప్పుకాగితం), ఒక తోలు పట్టీ, ఇంతే నా సరంజామా. 25 డిగ్రీల వాలు పెట్టి, చివరి అంచు మాత్రం 30 డిగ్రీల దగ్గర తీస్తాను. ముంజేతి మీద వెంట్రుకలు గొరిగితే అంచు వచ్చినట్టు. ఉలులకి సాన పట్టే ముసలి వడ్రంగి ఒకాయన నాతో అన్న మాట ఇప్పటికీ పాటిస్తాను: "బాబూ, ఇనుము పాతదైతే ఏటి, అంచుందా లేదా అది చూడు."

ఉలులు సంతలో కమ్మరి దగ్గర తీసుకున్నవి. లారీ కమాను పట్టీ సాగగొట్టి చేస్తారు. చూడ్డానికి మోటుగా ఉంటాయి, వీపు చదునుగా ఉండదు, దాన్ని రాయి మీద సరిచెయ్యడానికి బోలెడు ఓపిక కావాలి. కానీ ఒకసారి సరిచేశాక గుగ్గిలం (సాల) కర్రలో కూడా అంచు నిలిచింది. అంతకుముందు కొన్న చవక కొత్త సెట్టు అదే కర్రలో మడతపడింది. రంపం విషయంలో పళ్ళ కొసలు నీలంగా ఉన్నాయేమో చూడండి. ఉంటే వాటిని గట్టిపరిచారని అర్థం, ఆకురాయి ఎక్కదు, మొద్దుబారాక పారెయ్యడమే. పళ్ళు మామూలు ఉక్కు రంగులో ఉన్న పాత రంపమైతే ముక్కోణపు ఆకురాయితో ఎన్నిసార్లైనా పదును పెట్టుకోవచ్చు.

ఇక చెక్క. పాత పెంకుటిళ్ళు కూలుస్తున్నప్పుడు వచ్చే దూలాలు, వాసాలు, తలుపులే మన ప్రాంతంలో అసలైన నిధి. గుగ్గిలం కర్ర బరువు, గట్టితనం రెండూ ఎక్కువ. ముందు బెజ్జం వెయ్యకుండా మేకు దిగదు. నా పనిబల్ల కాళ్ళు దానివే. పాత టేకు తలుపు పైన బూడిద రంగులో ఉన్నా ఒక్క పొర చిత్రిక పడితే బంగారు రంగు బయటపడుతుంది, ఆ వాసన కూడా తిరిగొస్తుంది. పడగొట్టిన ఇళ్ళ చెక్క ఎండి స్థిరపడి ఉంటుంది కాబట్టి తరవాత అంతగా వంకర పోదు. దీనికి రెండు జాగ్రత్తలు. పాత స్పీకరు అయస్కాంతంతో ప్రతి అంగుళం వెతికి మేకులు తీసెయ్యాలి. పాత పెయింటుంటే పొడిగా గీకకండి, తడిపి గీకండి, మూతికి మాస్కు పెట్టుకోండి. ఇళ్ళ పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరులో గానీ అమల్లోకి రాలేదు, అంతకుముందు వేసిన రంగుల్లో సీసం ఎక్కువే ఉండొచ్చు.

పనస చెక్క మీద నాకు ప్రత్యేకమైన ఇష్టం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోనూ, ఇటు మా గజపతి జిల్లాలోనూ పడిపోయిన చెట్ల లెక్కే లేదు. వంటచెరుకు ధరకి పోతున్న పనస దుంగలు కొన్ని తీసుకుని కోత మిల్లులో అంగుళం పలకలు కోయించుకున్నాను. బొబ్బిలిలో వీణలు చేసేది కూడా పనస కర్రతోనే. కోసినప్పుడు పసుపు, ఏళ్ళు గడిచేకొద్దీ తేనె రంగు, తరవాత ఎర్రటి గోధుమ రంగు. నేను చేసిన పుస్తకాల అర ఇప్పుడు ఆ మూడో రంగులోకి వస్తోంది.

పచ్చి పలక ఎండటానికి అంగుళం మందానికి ఏడాది అని పెద్దలు చెప్పే లెక్క మన తడి గాలికి సరిపోతుంది. కొసలకి పెయింటు పూసి, పలకకీ పలకకీ మధ్య ఒకే మందం సందు కర్రలు పెట్టి, నీడలో గాలి ఆడేచోట పేర్చాలి. ఒక పలకని నెలకోసారి తూకం వేసి చూడండి. బరువు తగ్గడం ఆగితే ఎండినట్టు. పనసలో చెక్క నార పోగు ఒకచోట అటు, ఒకచోట ఇటు తిరుగుతుంది, చిత్రిక పడితే పెచ్చులు లేస్తాయి. బ్లేడు మీదుండే రెండో రేకును అంచుకి అర మిల్లీమీటరు దాకా జరిపి, పలచగా పడితే అవి ఆగిపోతాయి.

మామిడి అన్నిటికన్నా చవక, చిత్రికకి సులువు, కానీ పురుగు తొందరగా పడుతుంది. బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్ళు పట్టించకుండా ఇంట్లోకి తేను. బరంపురం నుంచి వచ్చే ప్యాకింగు పెట్టెల పైన్ చెక్క అరల వెనక పలకలకి పనికొస్తుంది. దాని మీద హెచ్‌టీ ముద్ర ఉంటే వేడితో శుద్ధి చేసింది, తీసుకోవచ్చు. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ పొగ పట్టించింది, వదిలెయ్యండి.

సొరుగులు ఎండాకాలంలో బిగుతుగా చేస్తే ఆగస్టులో తెరుచుకోవు. అందుకే కొలిచేటప్పుడే పక్కల్లో కాస్త సందు వదులుతాను. అవిసె నూనె పాలిష్ ఈ చెక్కలన్నిటికీ బాగా పడుతుంది. నూనె తుడిచిన గుడ్డలు ముద్ద చేసి మూల పడెయ్యకండి, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి ఆరేసి, ఆరాక పారెయ్యండి.

కోసే మిషన్లు పాతవి వద్దన్నాను గానీ, పాత డ్రిల్లు మిషను ఒకటి నా దగ్గర చాలాకాలంగా బాగానే నడుస్తోంది, కార్బన్ బ్రష్షులు మార్చడం తప్ప ఖర్చు లేదు. మార్బుల్ కట్టరుకి చెక్క కోసే బ్లేడు బిగించి వాడటం మా వైపు మామూలైపోయింది. అది నిమిషానికి పన్నెండు వేల చుట్ల దాకా తిరుగుతుంది. కోత మూసుకుపోయి బ్లేడు పట్టేస్తే మిషను మనిషి మీదకి ఎగురుతుంది, ఆపడానికి అందులో ఏ ఏర్పాటూ లేదు. డబ్బు మిగుల్తుందని దాని జోలికి వెళ్ళకండి. పొడవు కోతలు మిల్లులో చేయించుకోవచ్చు, వాళ్ళు తీసుకునేది ఎక్కువేమీ కాదు.

చెక్క కొన్నప్పుడు, అది పాత ఇంటిదైనా సరే, రసీదు రాయించుకోండి. ఒడిశాలో కలప రవాణాకి 1980 నాటి నిబంధనలున్నాయి. పైగా పక్కనున్న పాతపట్నం వెళ్తే రాష్ట్రమే మారిపోతుంది, అది ఆంధ్రప్రదేశ్, అక్కడి నిబంధనలు వేరు. బండి ఎక్కించే ముందే అటవీ శాఖ ఆఫీసులో అడిగితే దారిలో టెన్షన్ ఉండదు.