అయిదేళ్లు ప్యాసింజర్, తొమ్మిదేళ్లు కార్గో: ఒక పైలట్ అనుభవం

పైలట్ లైసెన్సు చేతికొచ్చిన పిల్లలు ఫోన్ చేస్తే ఎక్కువమంది అడిగేది ఒకటే. "అన్నా, కార్గోకి వెళ్లనా, ప్యాసింజర్ కోసం ఆగనా?" పది నిమిషాల ఫోన్‌లో తేలే విషయం కాదు, అందుకే కూర్చుని రాస్తున్నాను. 2011 నుంచి 2016 దాకా హైదరాబాద్‌లో ఉంటూ ఏ320 ప్యాసింజర్ విమానం మీద ఫస్ట్ ఆఫీసర్‌గా, అంటే కెప్టెన్ పక్కన కూర్చునే కో-పైలట్‌గా చేశాను. ఆ తర్వాత గల్ఫ్‌కి వచ్చి బోయింగ్ 777 ఫ్రైటర్, అంటే సరుకులు మాత్రమే మోసే విమానం నడుపుతున్నాను. కంపెనీల పేర్లు చెప్పను. రెండు ఉద్యోగాలకీ అసలు తేడా నిద్ర దగ్గరే వస్తుంది. జీతం, హోదా, యూనిఫాం అన్నీ దాని తర్వాతే.

ప్యాసింజర్ రోజుల్లో నాకు రోజుకి నాలుగు సెక్టార్లు ఉండేవి, ఒకసారి ఎగిరి దిగితే ఒక సెక్టార్. విశాఖ వెళ్లి రావడం, బెంగళూరు వెళ్లి రావడం. దిగిన అరగంటలో మళ్లీ తలుపులు మూయాలి. వెనకాల 180 మంది, వాళ్లలో ఎవరికో పెళ్లి ముహూర్తం, ఎవరికో పరీక్ష. పొగమంచు వల్ల గంట ఆలస్యమైతే ఆ టెన్షన్ అంతా కాక్‌పిట్ తలుపు దాకా వచ్చేది. కానీ చాలా రోజులు రాత్రికి ఇంట్లో అన్నం తినేవాణ్ని. ఒకసారి విశాఖ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ దిగుతూ ఆగి, "ఇది నడిపింది నువ్వేనా నాయనా" అని అడిగి, సంచిలోంచి మాడుగుల హల్వా పొట్లం తీసి నా చేతిలో పెట్టింది. కార్గోకి వచ్చాక అలాంటిది మళ్లీ జరగలేదు. ఆ లోటు నాకు ఇప్పటికీ ఉంది.

కార్గో ప్రధానంగా రాత్రి పని. పగలంతా ఫ్యాక్టరీల్లో, గోడౌన్లలో ప్యాక్ అయిన సరుకు సాయంత్రానికి ఎయిర్‌పోర్టు చేరుతుంది, తెల్లారేసరికి అవతలి ఊళ్లో ఉండాలి. అంటే రాత్రి రెండు నుంచి ఆరు దాకా, ఒళ్లు నిద్ర కోసం గోలపెట్టే వేళ, మనం అప్రోచ్‌లో, అంటే రన్‌వే వైపు దిగుతూ ఉంటాం. 2018లో వరుసగా మూడో రాత్రి, యూరప్‌లో ఒక ఎయిర్‌పోర్టుకి దిగుతున్నాం. టైము నాలుగున్నర. కంట్రోలర్ 6,000 అడుగులకి దిగమన్నాడు. రేడియో కెప్టెన్ చూస్తున్నాడు, విమానం నా చేతిలో ఉంది. నేను ఎత్తు సెట్ చేసే నాబ్ తిప్పి 5,000 పెట్టి, దాన్నే చూస్తూ "ఆరు వేలు" అని పైకి చదివాను. కళ్ల ముందు ఒక అంకె, నోట్లో ఇంకో అంకె. కెప్టెన్ ఏమీ అనకుండా వేలితో చూపించాడు. ఆ రోజు హోటల్ గదిలో కర్టెన్లు మూసినా నిద్ర పట్టలేదు.

2013 ఆగస్టు 14న అమెరికాలోని బర్మింగ్‌హామ్ దగ్గర యూపీఎస్ అనే కొరియర్ కంపెనీ కార్గో విమానం ఒకటి తెల్లవారుజామున, ఇంకా చీకటి ఉండగానే, రన్‌వేకి ముందే కూలిపోయింది. పైలట్లిద్దరూ చనిపోయారు. దోహదపడ్డ కారణాల్లో అలసట కూడా ఉందని దర్యాప్తు సంస్థ తేల్చింది. 2014 జనవరి నుంచి అక్కడ అమల్లోకి వచ్చిన కొత్త డ్యూటీ, విశ్రాంతి నిబంధనలు మాత్రం ప్యాసింజర్ పైలట్లకే తప్పనిసరి, కార్గోని వదిలేశారు. నిద్ర మనిషికి అవసరం, వెనకాల ఏముందన్నదాన్ని బట్టి అది మారదు. ఈ విషయంలో నాకు ఎప్పటికీ కోపమే. అందుకే ఆఫర్ లెటర్‌లో జీతం కంటే ముందు, ఏ దేశం నిబంధనల కింద ఎగరాలో చూడండి.

రెండో భయం నిప్పు. ప్యాసింజర్ విమానం పొట్టలోని కార్గో అరలో మంట వస్తే ఆర్పే గ్యాస్ ఉంటుంది. మా మెయిన్ డెక్ మీద, అంటే ప్యాసింజర్ విమానంలో సీట్లుండే అంతస్తులో, అది లేదు. ఆక్సిజన్ మాస్కులు పెట్టుకుని, ఆ డెక్‌కి గాలి ఆపి, క్యాబిన్ ప్రెషర్ వదిలేసి, మంటకి ఊపిరాడకుండా చేస్తూ దగ్గరలోని ఎయిర్‌పోర్టుకి పరుగెత్తాలి. 2010లో దుబాయ్ దగ్గర కూలిన 747 ఫ్రైటర్‌లో లిథియం బ్యాటరీలు ఉన్నాయి. కాక్‌పిట్ నిండా పొగ, మీటర్లు కనపడలేదు. 2016 ఏప్రిల్ నుంచి విడి లిథియం అయాన్ బ్యాటరీలను ప్యాసింజర్ విమానాల్లో సరుకుగా పంపకూడదు. మరి అవి ఎక్కడికి వెళ్తాయి? మా దగ్గరికే. ప్రమాదకర సరుకుల కాగితం మీద సంతకం పెట్టే ముందు నేను ప్రతి లైనూ చదువుతాను, లోడింగ్ వాళ్లు ఎంత తొందరపెట్టినా సరే.

ఇన్ని చెప్పి కూడా ఇక్కడే ఎందుకున్నానంటే, ఈ పని నాకు చాలా ఇష్టం. దాదాపు వంద టన్నుల సరుకు, ప్రతిసారీ కొత్త రకం. బయల్దేరే ముందు టార్చ్ పట్టుకుని మెయిన్ డెక్ మీద కొంత దూరం నడుస్తాను, సరుకు కట్టిన పలకల (ప్యాలెట్ల) తాళాలు పడ్డాయో లేదో కాలితో తడిమి చూస్తాను. నైరోబీ నుంచి యూరప్‌కి గులాబీలు తీసుకెళ్లే రాత్రి కాక్‌పిట్‌లోకి కూడా ఆ తడి వాసన వస్తుంది. గుర్రాలుంటే వాటిని చూసుకునే మనిషి కూడా వస్తాడు. ఆ రోజు మెల్లగా ఎక్కుతాం, మెల్లగా దిగుతాం, బ్రేకు సుతారంగా వేస్తాం. కాక్‌పిట్ వెనక నాలుగు సీట్లు, పడుకోవడానికి రెండు బంకులు, ఒక చిన్న ఓవెన్. ఇంటి నుంచి తెచ్చిన అన్నం, గోంగూర పచ్చడి మేమే వేడి చేసుకుని తింటాం.

కోవిడ్ వల్ల 2020 మార్చి 25న మన దేశం లోపల తిరిగే ప్యాసింజర్ విమానాలు ఆగిపోయాయి, రెండు నెలల తర్వాత గానీ లేవలేదు. నాతోపాటు ట్రైనింగ్ చేసినవాళ్లు సగం జీతంతో ఇంట్లో కూర్చున్నారు. నాకు ఊపిరి తిరగనంత పని. 2021 మేలో ఆక్సిజన్ కాన్సంట్రేటర్లు నింపుకుని ఢిల్లీలో దిగాం. లోడర్లు ఒక్కో పెట్టెనీ పసిపిల్లను ఎత్తుకున్నట్టు దించారు. ఆ వారమే మా మేనమామకి రాజమండ్రిలో బెడ్ దొరకలేదు. నేను తెచ్చినవాటిలో ఒక్కటీ ఆయన దాకా వెళ్లలేదు. అయినా ఆ ఫ్లైట్ నేను చేసినందుకు తృప్తిగానే ఉంది.

జీతం గురించి క్లుప్తంగా: నా విషయంలో పెద్ద తేడా లేదు, అలవెన్సుల వల్ల కాస్త ఎక్కువ. మన దేశంలో కార్గో సీట్లు తక్కువే. చెన్నై బేస్‌గా బ్లూ డార్ట్ ఉంది, 2022 నుంచి ఇండిగో ఏ321 ఫ్రైటర్లు తెచ్చింది, 2023 జనవరిలో అమెజాన్ ఎయిర్‌ని హైదరాబాద్‌లోనే ప్రారంభించారు. కొత్తగా లైసెన్సు తీసుకున్నవాళ్లకి నా సలహా, మొదట ప్యాసింజర్‌లో చేరండి. రోజుకి నాలుగు ల్యాండింగులు నేర్పేది పొడవైన కార్గో ట్రిప్పులు నేర్పవు. 777 టైప్ రేటింగ్ (ఆ రకం విమానం నడపడానికి ఇచ్చే అర్హత) ఫ్రైటర్‌కీ ప్యాసింజర్‌కీ ఒకటే కాబట్టి, ఇటు వచ్చాక తిరిగి వెళ్లే దారి కూడా మూసుకుపోదు.

పెళ్లయినవాళ్లు ఇంటర్వ్యూలో మూడు నెలల పాత రోస్టర్ (డ్యూటీల పట్టిక) అడిగి తీసుకోండి. ఇంట్లో ఇద్దరూ కూర్చుని రాత్రులు లెక్కపెట్టండి. మేము 2016లో ఆ పని చెయ్యలేదు. మొదటి మూడు సంక్రాంతులు మా ఆవిడ, బాబు నేను లేకుండానే చేసుకున్నారు. ఇప్పుడు రోస్టర్ రాగానే వంటింటి క్యాలెండర్ మీద నేను ఉండే రోజులకి మా బాబు పచ్చ స్కెచ్‌తో సున్నా చుడతాడు. ఈ నెల పదకొండున్నాయి.