‘డైరెక్టర్స్ కట్, 4కె’ అని రాసి ఉన్న జోడియాక్ డిస్క్ కొనేముందు ఇది చదవండి

ఫ్రెండ్స్, సినిమా డిస్కులు కొని దాచుకునే అలవాటున్న వాళ్లందరూ కాస్త ఓపిక చేసుకుని చదవండి. ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర హాలీవుడ్ దర్శకుడు డేవిడ్ ఫించర్ నిజంగా జరిగిన హత్యల మీద తీసిన ‘జోడియాక్’ సినిమా డిస్క్ కొని నిలువునా మోసపోయాను. డబ్బు పోయిన బాధ ఒక ఎత్తు. ఆ దొంగ ప్రింట్ చూసి మా వాళ్లు నలుగురు ఈ సినిమా గ్రాఫిక్స్ నాసిరకం అని తేల్చేయడం ఇంకో ఎత్తు. ఒక పూట నేనూ వాళ్లకు వంతపాడాను. నన్ను ఇప్పటికీ తొలిచేస్తున్నది అదే.

ప్రకటనలో ఉన్న మాటలు ఇవి: డైరెక్టర్స్ కట్, 4కె, ఒరిజినల్ నెగటివ్ నుంచి కొత్తగా స్కాన్ చేసిన ప్రింట్, సహజమైన ఫిల్మ్ గ్రెయిన్. డైరెక్టర్స్ కట్ అంటే దర్శకుడు తనకు నచ్చినట్టు కూర్చిన వెర్షన్, 4కె అంటే మామూలు హెచ్‌డీకి నాలుగు రెట్లు చుక్కలున్న బొమ్మ, నెగటివ్ అంటే కెమెరాలో తిరిగిన అసలు ఫిల్మ్, గ్రెయిన్ అంటే ఫిల్మ్ మీద తీసిన బొమ్మలో సహజంగా కనిపించే సన్నటి నలుసులు. అట్ట చూస్తే ఎవరైనా నమ్ముతారు. ప్లాస్టిక్ సీల్ ఉంది, లోపల ఫొటోలతో చిన్న పుస్తకం కూడా ఉంది. ఇంటికి వచ్చిన రోజు రాత్రే అందరం కూర్చుని పెట్టుకున్నాం.

టాక్సీ డ్రైవర్ హత్య సీన్ దగ్గర గొడవ మొదలైంది. పోలీసులు, వీధి, వెనక ఇళ్లు అన్నీ విడివిడిగా కత్తిరించి అతికించినట్టు కనిపించాయి. మనుషుల భుజాల చుట్టూ సన్నటి తెల్లగీత. రక్తం ఎర్రరంగు పోసినట్టు మిగతా ఫ్రేమ్ నుంచి విడిపోయి మెరుస్తోంది. “ఇంత పేరున్న డైరెక్టర్, రక్తం ఇలాగా చూపించేది?” అన్నాడు మా వాడొకడు. “టేకింగ్ బాగుంది, సీజీ (కంప్యూటర్ గ్రాఫిక్స్) చెడగొట్టింది” అని ఇంకొకడు. నా దగ్గర జవాబు లేదు. కళ్లముందు కనిపిస్తుంటే కాదని ఎలా అంటాం?

పడుకున్నాక కూడా ఆ తెల్లగీత కళ్లలోనే మెదిలింది. ఎందుకంటే ఈ సినిమా గొప్పతనమే అక్కడుంది. 2007లో వచ్చిన ఈ థ్రిల్లర్‌లో గ్రాఫిక్స్ ఉన్నట్టు చాలామందికి తెలియనే తెలియదు. 1969లో ఆ హత్య నిజంగా జరిగిన శాన్ ఫ్రాన్సిస్కో వీధి, సినిమా తీసేనాటికి అప్పటిలా లేదు. అందుకని నటులను నీలితెర ముందు నిలబెట్టి తీశారు. చుట్టూ ఆనాటి ఇళ్లను, వీధిని డిజిటల్ డొమైన్ సంస్థ కంప్యూటర్‌లో కట్టింది. హత్యకు ముందు పైనుంచి టాక్సీని వెంటాడే షాట్ గుర్తుందా? కారు మలుపు తిరిగితే కెమెరా కూడా తాళ్లతో కట్టేసినట్టు దానితోనే తిరుగుతుంది. అది కూడా కంప్యూటర్‌లో పుట్టిందే. శాన్ ఫ్రాన్సిస్కోలోని ట్రాన్స్‌అమెరికా భవనం అంతస్తు మీద అంతస్తుగా లేస్తూ ఏళ్లు గడిచిపోవడాన్ని చూపించే షాట్ కూడా అంతే, ఆ పని మ్యాట్ వరల్డ్ డిజిటల్ అనే గ్రాఫిక్స్ సంస్థ వాళ్లది.

రక్తం సంగతి చెప్పాలి. మామూలుగా తూటా తగిలే సీన్లలో నటుడి బట్టల కింద చిన్న మందుపాతర లాంటిది పెట్టి పేలుస్తారు. ఒక్క టేక్ చెడిపోతే బట్టలు మార్చాలి, ఒళ్లంతా కడగాలి, మళ్లీ మొదటినుంచి. ఫించర్ టేకుల మీద టేకులు తీసే మనిషి. ఆ ఆలస్యం ఆయనకు సరిపడదు. అందుకే రక్తాన్ని తర్వాత కంప్యూటర్‌లో చేర్పించాడు. ఇంకో పక్కేమో, చెరువు ఒడ్డున జరిగే దాడి సీన్‌లోని చెట్లు గ్రాఫిక్స్ అనుకుంటాం కదా, అవి నిజం చెట్లు. అసలు ఘటన జరిగిన చోట పాతవి పోవడంతో హెలికాప్టర్‌తో మోయించి తెచ్చి నిలబెట్టారు. ఏది నిజమో ఏది కల్పనో మనకు పట్టుబడకుండా ఉండటం కోసం పడిన శ్రమ ఇదంతా. దొంగ ప్రింట్ చేసేవాడు చెడగొట్టేది సరిగ్గా దీన్నే.

ఎలా చెడగొట్టాడో తర్వాత ఒక్కో షాట్ ఆపుకుంటూ చూశాను. ముందు బొమ్మను నున్నగా తుడిచాడు. దాంతో మొహాలు మైనపు బొమ్మల్లా అయ్యాయి, చర్మం మీద గీత లేదు, గడ్డం మచ్చలా కనిపిస్తోంది. తర్వాత పదును తగ్గిందని కృత్రిమంగా పదును పెంచాడు. పదును పెంచితే అంచుల చుట్టూ తెల్లగీత వస్తుంది. నటుడికీ కంప్యూటర్ వీధికీ మధ్య అతుకు కనిపించకుండా కళాకారులు ఎంతో జాగ్రత్తగా కలిపిన అంచు మీద ఆ గీత పడితే ఇంకేముంది? అతుకు చూపించి మరీ చెప్పినట్టయింది. రంగులు పెంచడంతో రక్తం మెరిసింది. చీకటి సీన్లలో నలుపు మరీ ముద్దగా మారిపోయి, ఆకాశం గళ్లుగళ్లుగా విడిపోయింది. చివరగా, మొత్తం మీద నకిలీ గ్రెయిన్ చల్లాడు.

ఆ గ్రెయినే వాణ్ని పట్టించింది. ‘జోడియాక్’లో ఎక్కువ భాగం ఫిల్మ్ మీద తీయలేదు. ఛాయాగ్రాహకుడు హారిస్ సవిడీస్ దాన్ని థామ్సన్ వైపర్ అనే డిజిటల్ కెమెరాతో తీశారు. స్లో మోషన్ షాట్ల కోసం మాత్రమే ఫిల్మ్ కెమెరా వాడారు. అంటే మిగతా సినిమాకు నెగటివ్ అన్నదే లేదు! లేని నెగటివ్‌ను స్కాన్ చేశామని ప్రకటన రాశాడన్నమాట. పైగా ఆ కెమెరా రికార్డు చేసింది 1920×1080లో, అంటే 4కెలో నాలుగో వంతు చుక్కలతో. కాబట్టి ఈ సినిమాకు ఎవరైనా సరే ‘నెగటివ్ నుంచి 4కె స్కాన్’ అంటే అక్కడే ఆగిపోండి. ఈ సంగతి నాకు ముందే తెలుసు. అట్ట చూసిన సంబరంలో తట్టలేదు.

డైరెక్టర్స్ కట్ అన్నదీ అబద్ధమే. థియేటర్లలో వచ్చిన వెర్షన్ 157 నిమిషాలు, డైరెక్టర్స్ కట్ 162 నిమిషాలు. నా డిస్క్ 157 దగ్గరే అయిపోయింది. నిడివి ఒక్కటే చూస్తే సరిపోదు, వేగం మార్చి నిమిషాలు అటూఇటూ చేయొచ్చు. అందుకని రెండు సీన్లు వెతకండి. కథ ఏళ్లు దాటే చోట తెర పూర్తిగా నల్లబడి, పాటలూ వార్తలూ వినిపిస్తూ కాలం గడిచిపోవాలి. ఇంకోటి, సోదా వారెంటు కోసం పోలీసులు స్పీకర్‌ఫోన్ ముందు చేరి తమ దగ్గరున్న ఆధారాలన్నీ ఒకటొకటిగా వినిపించే సీన్. ఈ రెండూ లేకపోతే మీ చేతిలో ఉన్నది థియేటర్ వెర్షనే. థియేటర్ వెర్షన్ చెడ్డదని కాదు, అడిగింది ఒకటి, ఇచ్చింది ఒకటి.

ఫ్రేమ్ కూడా కోసేశాడు. సినిమా వెడల్పాటి ఫ్రేమ్‌లో, సుమారు 2.39:1 నిష్పత్తిలో ఉంటుంది. టీవీలో పెడితే పైనా కిందా నల్లపట్టీలు రావాలి. నా డిస్క్‌లో తెర నిండా బొమ్మే. అటూ ఇటూ కలిపి దాదాపు నాలుగో వంతు పోయింది. న్యూస్‌రూమ్ సీన్లలో ఒక మనిషి మాట్లాడుతుంటే అవతల బల్ల దగ్గర వింటున్న మనిషి భుజం మాత్రమే మిగిలింది. మాట్లాడేవాడిని, వినేవాడిని ఒకే ఫ్రేమ్‌లో ఎంత దూరంలో కూర్చోబెట్టాలన్నది డైరెక్షన్ కాక ఇంకేమిటి? పట్టీలు లేకపోతే బొమ్మ పెద్దగా ఉందని సంబరపడే వాళ్లు దయచేసి ఇది గమనించండి.

ఇక డిస్క్ సంగతి. వెనక్కి తిప్పి దీపం కింద ఏటవాలుగా పట్టుకుంటే రాసిన భాగం, ఖాళీ భాగం మధ్య రంగు తేడాతో ఒక వలయం కనిపించింది. ఫ్యాక్టరీలో అచ్చేసిన డిస్క్ కాదు, ఇంట్లో రాసుకునే డిస్క్ మీద ఎక్కించి అమ్మాడు. కంప్యూటర్‌లో పెట్టి చూస్తే మొత్తం ఫైళ్లు 22 జీబీ. 4కె డిస్కులు మామూలుగా 66 లేదా 100 జీబీ సామర్థ్యంతో వస్తాయి. ప్లేయర్‌లో సమాచారం బటన్ నొక్కితే 1080, హెచ్.264 (వీడియోను కుదించే పాత పద్ధతి) అని వచ్చింది. 4కె డిస్క్‌లో సినిమా హెచ్ఈవీసీ అనే కొత్త పద్ధతిలో ఉంటుంది. ఈ ఒక్క బటన్ మొదటి నిమిషంలోనే నొక్కి ఉంటే ఆ రాత్రి వాదన జరిగేదే కాదు.

అమ్మకందారుకు ఇవన్నీ ఫొటోలతో పంపాను. మొదట “మీ టీవీ సెట్టింగ్ సరిచూసుకోండి” అన్నాడు. వలయం ఫొటో పెట్టాక “సీల్ విప్పారు కాబట్టి వాపసు కుదరదు” అన్నాడు. సీల్ విప్పకుండా లోపల ఏముందో ఎలా తెలుస్తుందండీ అని అడిగితే జవాబు లేదు. ప్రకటనలో మాత్రం నెగటివ్ మాట రాత్రికి రాత్రి మాయమైంది. నేను ముందే స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకోవడం వల్ల ఫిర్యాదులో జతచేయగలిగాను. ఫిర్యాదు ఇంకా తేలలేదు.

మీరు కొనేటప్పుడు ప్రకటన స్క్రీన్‌షాట్ తీసుకోండి. సీల్ విప్పేటప్పుడు వీడియో తీయండి, డిస్క్ వెనకవైపు కూడా అందులో పడాలి. కొనుగోలు వేదికను పక్కనపెట్టి నేరుగా డబ్బు పంపితే తగ్గిస్తానంటే ఒప్పుకోకండి, ఫిర్యాదు చేసుకునే దారి కూడా మూసుకుపోతుంది.

తర్వాత తెలిసిన మిత్రుడి దగ్గర అసలు డిస్క్ తెచ్చి అదే నలుగురినీ మళ్లీ కూర్చోబెట్టాను. రక్తం గురించి అన్నవాడు టాక్సీ సీన్‌ను మూడుసార్లు వెనక్కి తిప్పించాడు. “ఇందులో నీలితెర ఎక్కడ మొదలవుతుంది?” అని నన్నే అడిగాడు. చూపించలేకపోయాను, అంత బాగా కలిసిపోయింది.

అదే అమ్మకందారు దగ్గర ఇంకా చాలా క్రైమ్ థ్రిల్లర్లు ఉన్నాయి, అన్నింటికీ అక్షరం పొల్లుపోకుండా అదే ‘నెగటివ్ స్కాన్, సహజమైన గ్రెయిన్’ వివరణ ఉండేది. ఇలాంటి వివరణ చూసి ఏదైనా కొని ఉంటే, తిరిగి పంపే గడువు దాటకముందే ఈ రోజే డిస్క్ తీసి దీపం కింద తిప్పి చూడండి.